పుట్టింటికే కదా అనుకోకు

సుజాతా,

శ్రావణంలో మీ తమ్ముడి పెళ్ళికి పిల్లలతో వస్తున్నావని తెలిసిన దగ్గర్నుంచి పిన్నికి కాలు ఒకచోట నిలవడం లేదు. మేడ మీద గదికి సున్నం వేయించింది. కిటికీలకు దోమల జాలీ కొట్టించమని నేనే పోరాను. పట్టుకుంటే వదలనని నీకు తెలుసుగా, ఇక నీ వంతు. పిల్లలకు టైఫాయిడ్ టీకా వేయించావా?

"పుట్టిన ఊరికి రావడానికి టీకా ఏమిటే, ఆ బోరింగు నీళ్ళు తాగే కదా పెరిగాం" అంటావు. పెరిగాం, నిజమే. న్యూజెర్సీలో పుట్టిన నీ పిల్లలు పెరగలేదుగా? టైఫాయిడ్ ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రాదన్న హామీ కూడా లేదు. ఊళ్ళు చూడటానికి వచ్చే తెల్లవాళ్ళు భయపడి సీసా నీళ్ళు తాగుతారు. అయినవాళ్ళింటికి వచ్చేవాళ్ళు మాత్రం మనిల్లే కదా అని పెళ్ళి పందిట్లో ఏ గ్లాసు ఇస్తే అది ఎత్తేస్తారు. అమెరికాలో బయటపడే టైఫాయిడ్ ఎక్కువగా ఇలా చుట్టాల్ని చూసి వెళ్ళినవాళ్ళలోనే.

పోయినసారి వేయించాం కదా అంటావేమో. అక్కడ వేసే ఇంజక్షన్ బలం రెండేళ్ళే. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పడాలి. సూట్‌కేసు మూసే రోజున అన్నీ గుర్తొచ్చే మనిషివి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. టీకా పూర్తి రక్ష కాదు కనుక, వచ్చాక కాచి చల్లార్చిన నీళ్ళే. చెరుకురసం, అందులో ఐసు, రెండూ వద్దు.

పెళ్ళయ్యాక అరకు వెళ్దామన్నావట. తప్పకుండా వెళ్దాం. కానీ వానల్లో ఏజెన్సీలో మలేరియా ఉంటుంది, ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకంతో సహా. దానికి మాత్రలు బయల్దేరకముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు వాడాలి. ఏ మాత్రలన్నది మీ డాక్టరే చెప్పాలి. ఊరికే ఇండియా అనకుండా, అరకు అని పేరు పెట్టి అడుగు. ఇందాక జాలీ అన్నానా, అదొక్కటే చాలదు. డెంగీ దోమ పగలే కుడుతుంది. పిల్లలకు నిండు చేతుల చొక్కాలు తెచ్చుకో.

మీ చిన్నవాడికి కుక్కలంటే ప్రాణమట. వీధికుక్క చిన్నగా గీరినా దాచొద్దని వాడికి చెప్పు. సబ్బునీళ్ళతో పావుగంట కడిగి, ఆ రోజే కుక్కకాటు ఇంజక్షన్ మొదలుపెట్టించాలి.

మీరు తిరిగి వెళ్ళిన నెల రెండు నెలలకు జ్వరం వచ్చినా, అక్కడి డాక్టరుకు మలేరియా ఆలోచన తట్టకపోవచ్చు. ఇండియా వెళ్ళొచ్చామని నువ్వే ముందు చెప్పు. ఇప్పుడు మాత్రం ఈ ఉత్తరం పక్కన పెట్టి, టీకాలకు అపాయింట్‌మెంట్ తీసుకో.

నీ
లలిత