ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి

నేనుండే ఒసాకాలో నిప్పొన్‌బాషి అని ఒక పేట ఉంది. ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లు బారులు తీరి ఉంటాయి కాబట్టి దాన్ని డెన్‌డెన్ టౌన్ అని పిలుచుకుంటారు. పోయిన నెల అక్కడి పాత గేముల కొట్లో 1,200 యెన్లిచ్చి ఒక క్యాసెట్ కొన్నాను. చేతిలోకి తీసుకోగానే బెజవాడలో మా పక్కింటి టీవీ ముందు గడిపిన వేసవి సెలవులు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో ఉఫ్ అని ఊది పెట్టిన పసుపు క్యాసెట్లకీ, ఈ జపాన్ క్యాసెట్‌కీ పిన్నులు 60 చొప్పునే. మేము చిన్నప్పుడు ఆడుకున్నది జపాన్ వాళ్ల ఫామికామ్ అనే గేము యంత్రానికి నకలు మీదని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

నేను కొన్నది ఫైర్ ఎంబ్లెమ్ వరసలో మొట్టమొదటి గేము. 1990 ఏప్రిల్ 20న విడుదలైంది. రూపకర్త షోజో కాగా. నిర్మాత గున్‌పేయ్ యొకోయ్, గేమ్ బాయ్‌ని తయారుచేసిన మనిషి. చదరంగంలో లాగా గళ్ల నేల మీద సైన్యాన్ని నడపాలి. అయితే ఇక్కడ ప్రతి సైనికుడికీ ఒక పేరుంది, ముఖముంది. దెబ్బ తింటూ, దెబ్బ కొడుతూ వాడు రాటుదేలుతాడు. 1993లో వచ్చిన ఏవీ మోడల్ ఫామికామ్ నా దగ్గర ఉంది. శనివారం రాత్రి దాన్ని టీవీకి తగిలించి కూర్చున్నాను.

తెర మీద అక్షరాలన్నీ జపాన్ వాళ్ల కానా లిపే. ఆనాటి యంత్రపు కొద్దిపాటి మెమరీలో చైనా నుంచి వచ్చిన కాంజీ అక్షరాలు వేల కొద్దీ పట్టించడం కష్టం. నాకది మేలే అయింది. కానా వరస మనకు కొత్తది కాదు. అచ్చులు ముందు, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధంతో పాటు జపాన్ చేరిన సంస్కృత వర్ణమాల చదువు ఈ వరసను తీర్చిదిద్దింది. పూర్వం అక్కడి ‘హ’ను ‘ప’ అని పలికేవారు. ఆ సంగతి తెలిస్తే, పలక మీద దిద్దుకున్న మన వరసే కళ్ల ముందుకొస్తుంది. అందుకే ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ సైనికుల పేర్లు చదవగలిగాను. కైన్, అబెల్, డోగా, గోర్డన్.

కథానాయకుడు మార్స్, దేశం పోగొట్టుకున్న రాకుమారుడు. తాలిస్ అనే ద్వీపంలో తలదాచుకుంటుంటాడు. ఆ ద్వీపపు కోట మీద గాల్డా సముద్రపు దొంగలు పడితే, రెక్కల గుర్రమెక్కి రాకుమారి షీడా అతని సాయం కోరి వస్తుంది. మొదటి అధ్యాయం ఆ పోరాటమే.

గోర్డన్ విలుకాడు. దూరం నుంచి కొట్టగలడు కదా అని వాడిని ముందుకు నడిపాను. విల్లు పట్టినవాడు పక్క గడిలోకి వచ్చిన శత్రువును తిరిగి కొట్టలేడని అప్పటికి నాకు తెలియదు. నా వంతు అయిపోయి శత్రువు వంతు వచ్చింది. గొడ్డళ్లు పట్టుకుని దొంగలు చుట్టుముట్టారు. మూడో దెబ్బకి గోర్డన్ పడిపోయాడు. ఇనుప కవచం తొడుక్కున్న డోగా రెండు గళ్లు వెనక ఊరికే నిలబడి ఉన్నాడు. వాడి వెనక ఉండాల్సినవాణ్ణి ముందు నిలబెట్టింది నేను.

జపాన్ చదరంగం షోగిలో చచ్చిన పావును గెలిచినవాడు తన వైపున మళ్లీ దించుకుంటాడు. ఈ ఆటలో పడ్డవాడు తర్వాతి అధ్యాయానికి రాడు. యంత్రం ఆపి మొదటి నుంచి ఆడొచ్చు. ఆ రాత్రి ఎందుకో చెయ్యి రాలేదు. తప్పు నాది, దాన్ని మోస్తూనే ముందుకు వెళ్లాలనిపించింది.

ఈసారి భయంతో ఇంకో దారి పట్టాను. జేగన్ అనే ముసలి వీరుడున్నాడు. మొదట్లో మన సైన్యంలో అందరికంటే బలవంతుడు. ఎవరొచ్చినా అతన్నే పంపాను. శత్రువులు టపటపా రాలిపోయారు. కాసేపటికి లెక్క చూసుకుంటే గుండె జారింది. 100 అనుభవ పాయింట్లకు ఒక మెట్టు ఎక్కుతారు. ఆ పాయింట్లన్నీ ఇక పెద్దగా ఎదగని జేగన్‌కే పోయాయి. పోనుపోను బరువు మోయాల్సిన కైన్, అబెల్ ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.

అక్కడ ఆట ఆపి చాలాసేపు కూర్చున్నాను. ఈ ఊరు వచ్చిన కొత్తలో గుంటూరు అన్నయ్య ఒకాయన నాకు జేగనే. ఇల్లు చూసిపెట్టింది ఆయనే, వార్డు ఆఫీసులో నా కాగితాలన్నీ నింపింది ఆయనే. ఏడాది గడిచినా నా పేరును కానాలో ఒక రకమైన కటకానాలో రాసుకోవడం నాకు రాలేదు. ఒకరోజు ఆయన కలం నా చేతికిచ్చి, “నువ్వే రాయి తమ్ముడూ, నేను పక్కనే కూర్చుంటా” అన్నాడు. పేరు పలికే తీరు రాసే ఫురిగానా గడిలో నా పేరు రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన ఒక్క అక్షరం కూడా అందివ్వలేదు, లేచి కూడా వెళ్లలేదు. నా కోసం చేసిన పనులన్నిటిలో అదే పెద్దదని జేగన్ లెక్క చూశాక తెలిసింది.

పసివాణ్ణి గొడ్డళ్ల ముందుకు తోయకూడదు. ముసలాయన నీడలోనే ఉంచేయనూ కూడదు. దెబ్బ తగలకుండా అడ్డం నిలిచి, చివరి దెబ్బ వాడి చేతే కొట్టించాలి. నాకు తెలిసి సాయమంటే అంతకన్నా లేదు. ముప్పయ్యేళ్లు దాటిన ఈ ఆట దాన్ని ఒక్క ముక్క ఉపన్యాసం లేకుండా గళ్ల మీదే నేర్పింది. నాకు ఇది ఇంతగా నచ్చడానికి కారణం అదే.

రెండో అధ్యాయంలో అవతలి పక్షాన కాషిమ్ అనే విలుకాడు ఎదురయ్యాడు. తల్లి జబ్బుకి డబ్బు కావాలి, అందుకే సముద్రపు దొంగల పంచన చేరాడు. షీడా వెళ్లి మాట్లాడితే మన వైపు వచ్చేశాడు. నెలనెలా ఇంటికి డబ్బు పంపే నాకు ఆ కుర్రవాడి మీద బాణం వేయాల్సిన అవసరం రానందుకు ఎంత ఊరటగా అనిపించిందో! మళ్లీ ఒక విల్లు దొరికింది. గోర్డన్ మాత్రం లేడు.

తెల్లారి యంత్రం పెడితే దాచుకున్న ఆట మాయమైంది. క్యాసెట్ లోపల నాణెమంత బ్యాటరీ ఉంటుంది, ఆటను గుర్తుంచుకునేది దాని బలంతోనే. అది ఎప్పుడో చచ్చిపోయింది. కొత్తది టంకం పెట్టించుకుని వచ్చి మొదటి అధ్యాయం తెరిచాను.

తాలిస్ ఒడ్డున ఏడుగురూ నిలబడి ఉన్నారు. విల్లు పట్టుకుని గోర్డన్ కూడా. ఈసారి ముందు డోగాను నడిపాను. వాడి వెనక గడిలో గోర్డన్‌ను నిలబెట్టాను. జేగన్‌ను పక్కనే ఉంచాను.