ఫణిగిరి గుట్ట మీద క్వాంటమ్

నిన్న జనగామల సూర్యాపేట బస్సెక్కి, తిరుమలగిరిల దిగి, పాత బౌద్ధ క్షేత్రమైన ఫణిగిరి గుట్టెక్కిన. ఇటుకల స్తూపం, విరిగిన స్తంభాలు, ఎండ. ఇక్కడి శిల్పాలు 2023ల న్యూయార్క్ మెట్ మ్యూజియం చూసొచ్చినయ్. జనగామోళ్లల్ల ఈ గుట్టెక్కినోళ్లు ఎందరో మరి!

నీడకు కూసుంటే బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు యాదికొచ్చిండు. ఆయనది దాదాపు క్రీ.శ. 2వ శతాబ్దం, ఈ గుట్ట మీద భిక్షువులు తిరిగిన కాలమే. ఏ వస్తువుకూ తనదంటూ విడి స్వభావం లేదు, అన్నీ ఒకదాన్ని ఆనుకొని ఇంకోటి ఉన్నయన్నడు. అదే శూన్యత. ఇటలీ భౌతిక శాస్త్రవేత్త కార్లో రొవెల్లి ‘హెల్గోలాండ్’ పుస్తకంల నాగార్జునుణ్ణి తలుచుకున్నడు. క్వాంటమ్ శాస్త్రంల ఎలక్ట్రాన్ గుణాలు సుత ఇంకోదానితోని తగిలినప్పుడే తేలుతయని రొవెల్లి వాదన. ఈ పోలిక నాకు మస్తు నచ్చింది.

కానీ ‘క్వాంటమ్ మనోళ్లు ఎప్పుడో చెప్పిన్రు’ అని వాట్సాప్‌ల తిప్పేటోళ్లతోనే నా పంచాయితీ. నాగార్జునుడు ప్రయోగాలు చెయ్యలే, సమీకరణాలు రాయలే. ఆయన తండ్లాటంతా మనిషి పట్టు వదిలి దుఃఖం తీరుడు గురించి. ఇగ క్వాంటమ్‌ల కొలుచుడును ‘చూసుడు’ అంటరు గానీ, దానికి చైతన్యమే కావాలని లేదు, డిటెక్టర్ చాలు.

గుట్టకు పోయేటోళ్లు పొద్దుగాల్నే పోండ్రి. నీళ్లసీసా మర్వకుండ్రి.