ఓడెక్కగానే

ఓడెక్కగానే మొట్టమొదట ఏం చేయాలి? టిక్కెట్లు చేతికొచ్చిన రాత్రి మా ఇంట్లో దీనిమీద పెద్ద బహస్ నడిచింది. పిల్లలు ఈతకొలనన్నారు. భాభీ పైన డెక్కు మీద నీడపట్టున కుర్చీలు పట్టుకోవాలంది. మామూ పాన్ నములుతున్నవాడల్లా ఆగి, "మొదట ఎవరి సంచీ వాళ్లు ఇంకోసారి వెతుక్కోండిరా. మీరు పెట్టనిది అందులో ఏమన్నా ఉందేమో చూసుకోండి" అన్నాడు.

నవ్వాం. ఎక్కువసేపు నవ్వలేకపోయాం. అది 2022 జూన్. అంతకు ఎనిమిది నెలల ముందు, 2021 అక్టోబరులో, బొంబాయి రేవులో ఇట్లాంటి విహార నౌక దగ్గరే షారుక్ ఖాన్ కొడుకును పట్టుకున్నారు. మూడు వారాలకు పైగా జైల్లో ఉన్నాడు. చివరికి 2022 మే నెలాఖరున, తగిన సాక్ష్యం లేదని అతని మీద అభియోగమే పెట్టలేదు. పట్టుకున్ననాడు టీవీల్లో జరిగిన హంగామాలో పావలా వంతు కూడా వదిలేసిననాడు లేదు. పత్రికల ఉప్పు తింటున్నవాళ్లం, మాకు తెలియని సంగతేం కాదు. "అంత పైసలున్న ఖాన్ సంగతే అట్లయితే, నల్గొండ ఖాన్ల సంగతేంది?" అన్నాడు మామూ. నవ్వుతూనే అన్నాడు. మేం మాత్రం ఆ రాత్రే సంచులు వెతుక్కున్నాం.

అమ్మీ ఈ మాటలేవీ పట్టించుకోలేదు. ఆమె లెక్కలో మా ఖాందాన్‌లో ఓడెక్కినవాళ్లు ఇంతకుముందే ఉన్నారు. 1976లో నానీమా, నానా హజ్‌కి పోయారు. ఊరు ఊరంతా వచ్చి గులాబీ దండలేసి, చేతికి ఇమామ్ జామిన్ కట్టి సాగనంపింది. వచ్చినవాళ్లలో సగంమంది హిందువులే. బస్సు కదిలేటప్పుడు, "మా పేరు కూడా చెప్పి దండం పెట్టుండ్రి" అని నానాకు చెప్పుకున్నారట. బొంబాయిలో సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో కొన్నాళ్లు పడిగాపులు. తర్వాత మొగల్ లైన్ ఓడ. జిద్దా చేరడానికి వారం పైనే పట్టింది. 1995తో ఆ ఓడలు ఆగిపోయాయి. ఇప్పుడు హజ్ అంటే విమానమే.

నానీమా వాళ్లకు ఓడలో కింది అంతస్తున వరసగా వేసిన మంచాల మీద చోటిచ్చారు. ఒక రేకు పెట్టె, ఒక పరుపు చుట్ట. పెట్టె అడుగున తెల్లటి కఫన్ గుడ్డ ఉంది. జమ్‌జమ్‌లో తడిపి తెచ్చుకుందామని తీసుకుపోయింది, దారిలోనే పోతే అక్కరకొస్తుందని కూడా. ఓడ మీద మౌత్ అయితే జనాజా నమాజు చదివి సముద్రానికే అప్పగించేవాళ్లు. నానీమా ఎక్కగానే మొదట నీళ్ల నల్లా ఎక్కడుందో చూసింది. తర్వాత ఆడవాళ్ల పాయఖానా. ఆ రెండూ తెలిశాక మంచమ్మీద కూచుని చెవి ఒగ్గింది, ఎక్కడన్నా తెలుగు మాట వినపడుతుందా అని.

చుట్టూ లక్నో ఉర్దూ, మలయాళం, ఇంకా ఏవేవో. మా దక్కనీకి లక్నో ఆడవాళ్లు నవ్వారట. నానీమా "నక్కో" అన్నప్పుడల్లా ఓఢనీ నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లట. రెండోరోజు కడప ఆమె ఒకామె "అబ్బ, ఏం ఉక్కపోతమ్మా" అని తనలో తాను గొణుక్కుంటే నానీమా లేచిపోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. జిద్దా దాకా ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు. అంతమంది ముసల్మాన్ల మధ్య ఆ మనిషికి కావాల్సి వచ్చింది తెలుగు. ఈ సంగతి మేం ఎవరికి చెప్పినా నమ్మరు. ఇటువాళ్లూ నమ్మరు, అటువాళ్లూ నమ్మరు.

సరే, మా ఓడ. విశాఖ రేవులో మధ్యాహ్నం ఎక్కాం. చెన్నై దాకా మూడు రాత్రుల ప్రయాణం. రేవులో తనిఖీ దగ్గర అమ్మీ చేతిసంచీ రెండుసార్లు తెరిచారు. ముందున్నవాళ్లది తెరవలేదు, వెనకున్నవాళ్లది తెరవలేదు. ఆ కుర్రాడు మర్యాదగానే తెరిచాడు, మర్యాదగానే మూశాడు. ఇన్సులిన్ సూదులు చూసి, "మందులా అమ్మా" అన్నాడు. "షుగర్ బిడ్డా" అంది అమ్మీ. అంతే జరిగింది. ఎవరితో చెప్పినా "దాందేముంది, అందర్నీ చూస్తారు" అంటారు. మేమూ మాకు మేం అట్లనే చెప్పుకున్నాం.

విహార నౌకల సంగతి తెలియనివాళ్లకు ఒకటి చెప్పాలి. పెద్ద పెట్టెలు మనతోపాటు రావు. రేవులోనే చీటీ కట్టి తీసుకుపోతారు, గదికి చేరేసరికి గంటలు పడుతుంది. కాబట్టి మందులు, కాగితాలు, ఒక జత బట్టలు చేతిసంచీలోనే ఉంచుకోవాలి. మేం మందులు పెట్టుకున్నాం. జానిమాజ్ మాత్రం పెద్దపెట్టెలో పోయింది. మరిచిపోయి కాదు. చేతిసంచీ తెరవగానే పైన అదే కనపడుతుందని, బయలుదేరే రోజు పొద్దున భాభీ దాన్ని తీసి పెద్దపెట్టెలో చీరల కింద పెట్టింది. మేం చూశాం. చూసి ఊరుకున్నాం.

రైలెక్కినా బస్సెక్కినా మేం మొదట చేసేది ఇదే మరి. ఎదుటి సీట్లో ఎవరున్నారో చూస్తాం. డబ్బాలో కీమా ఉంటే మూత తీయాలా వద్దా ఆలోచిస్తాం. ఫోన్లో సలాం చెప్పాల్సి వస్తే గొంతు తగ్గిస్తాం, లేదా "హలో"తో సరిపెడతాం. బేరు పలకరింపులో మా వాళ్లలో కొందరు అన్వర్ కాస్తా ఆనంద్ అయిపోతారు. ఎవరూ నేర్పలేదు. 1992 డిసెంబరు తర్వాత పెరిగిన పిల్లలకు నేర్పాల్సిన పనే లేకపోయింది.

గదికి కిటికీ లేదు. తక్కువ ధరవి లోపలి గదులు. అమ్మీ మంచమ్మీద కూచోకుండానే, "కిబ్లా ఎటు?" అంది. ఫోన్లో దిక్సూచి చూస్తే ఆ ఇనుప గోడల మధ్య ముల్లు ఒక్కచోట నిలవలేదు. భాయిజాన్ పైడెక్కు మీదికి పోయాడు. జూన్‌లో విశాఖ దగ్గర పొద్దు పడమటికి బాగా ఉత్తరంగా వాలుతుంది. అది కుంకేచోటికి కొంచెం ఎడమగా చూస్తే కిబ్లా. అది గుర్తుపెట్టుకుని, దిక్కు తప్పిపోకుండా చెయ్యి చాపుకునే మెట్లు దిగొచ్చాడు. మలుపు తిరిగినప్పుడల్లా చెయ్యి ఇటు తిప్పి అటు తిప్పి, వరండాలో ఎదురొచ్చినవాళ్లు పక్కకు తప్పుకుంటుంటే, చివరికి మా గదిలో స్నానాలగది తలుపుకేసి చూపించాడు. "అదా?" అంది అమ్మీ. "అదే" అన్నాడు. జానిమాజ్ లేదు కదా, ఓడవాళ్లిచ్చిన తెల్ల తువాలు పరుచుకుంది. భాభీ తలుపు దగ్గరే నిలబడి ఉంది, ఏమీ మాట్లాడలేదు.

సఫర్‌లో ఉన్నాం గనక అసర్ రెండు రకాత్‌లే. రెండో రకాత్‌లో ఉండగా హారన్ మోగింది. పొట్టివి ఏడు, పొడుగుది ఒకటి. అది ప్రమాద సంకేతం. అప్పుడు మోగింది కవాతు కోసమే. ప్రయాణికులందరూ తమ కార్డు మీదున్న అక్షరం చూసుకుని, ఆ అక్షరం రాసున్న చోటికి చేరాలి. ఓడకేమన్నా అయితే పడవలెక్కేది అక్కణ్ణుంచే. ఓడెక్కగానే మొదట చేయాల్సింది నిజానికి ఇది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా రాయి తగిలి ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి అప్పటికింకా కవాతు జరగలేదు. అప్పట్లో 24 గంటల్లోపు జరిపితే చాలన్నది నియమం. 2015 నుంచి ఓడ కదిలేలోపు, లేదా కదిలిన వెంటనే జరిపి తీరాలి.

పిల్లలు "పోకపోతే ఏమైతది" అన్నారు. మాకు ఇంకో ఆలోచన వచ్చింది. అందరూ వచ్చి మేమొక్కళ్లమే రాకపోతే? పేర్లు చదివి, మా పేర్ల దగ్గర ఆగితే? అమ్మీ సలాం తిప్పేదాకా చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాం. ఆమె తొందరపడలేదు. దువా చేసుకుంది, తువాలు మడిచింది, అప్పుడు లేచింది.

మాకు పడవల కవాతు అంటే మనసులో ఇంకో కథ కూడా మెదులుతుంది. 1880 ఆగస్టులో 'జిద్దా' అనే ఓడ సింగపూరు, పెనాంగుల నుంచి దాదాపు వెయ్యిమంది హజ్ యాత్రికులతో పోతూ సోమాలియా కొన దగ్గర తుపానులో చిక్కుకుంది. నీళ్లొస్తున్నాయి. తెల్ల కెప్టెనూ, పైఅధికారులూ రాత్రిపూట పడవ దించుకుని పోయారు. వాళ్లను ఇంకో ఓడ ఎక్కించుకుని ఏడెన్ చేర్చింది. 'జిద్దా' మునిగిపోయింది, యాత్రికులంతా పోయారు అని అక్కడ చెప్పారు. యాత్రికులు తమను చంపుతారని భయపడ్డామనీ చెప్పుకున్నారు. మర్నాడు 'జిద్దా' ఏడెన్ రేవుకొచ్చింది, ఇంకో ఓడ లాక్కుని రాగా, యాత్రికులతో సహా. వదిలేసిపోయినవాళ్లు పంపులతో నీళ్లు తోడుకుంటూ బతికే ఉన్నారు. కెప్టెన్‌కి పడిన శిక్ష, మూడేళ్లు లైసెన్సు రద్దు. కాన్రాడ్ 1900లో 'లార్డ్ జిమ్' నవల రాసింది దీని ఆధారంగానే. ఆ నవల పారిపోయిన అధికారి సిగ్గు గురించి, అతని మనసులో కోత గురించి. బి.ఏ.లో మేం దానిమీద నాలుగు పేజీల వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్నాం. నీళ్లు తోడినవాళ్ల పేర్లు అందులో ఎందుకు లేవని అప్పుడు మాకూ తట్టలేదు.

మా అక్షరం 'సి'. చెమటలు కారుతుండగా వందమందికి పైగా నిలబడి ఉన్నాం. అందరికీ నారింజరంగు లైఫ్‌జాకెట్లిచ్చారు. బురఖా మీద అమ్మీకి పట్టీ అందడం లేదు. మేం అటు తిరిగేలోపే పక్కనున్న పెద్దావిడ, మా అమ్మీ వయసే, సిక్కోలు ఆమె, వంగి పట్టీ అందుకుంది.

"ఉండండమ్మా, నేను కడతాను."

"గట్టిగ బిగించు చెల్లె. నీళ్లల్ల పడితే ఊడద్దు."

ఆమె నవ్వింది. బిగిస్తూ, "మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ" అంది.

మేం ఈ మాట వినని వారం ఉండదు. ఆఫీసులో వింటాం, ఆస్పత్రిలో వింటాం, ఇల్లు అద్దెకడిగేచోట వింటాం, ఇల్లు ఇవ్వమని చెప్పేముందు వింటాం. ముప్పై ఏళ్లుగా తెలుగులో వార్తలు రాస్తున్నా సభల్లో పరిచయం చేసేవాళ్లు ఇదే మాటతో మొదలెడతారు. మెచ్చుకోలే. కాదనలేం.

"నల్గొండ బిడ్డను. తెలుగు మాట్లాడక ఏం మాట్లాడతా?" అంది అమ్మీ.

"అది కాదండీ, మీవాళ్లు..." అని ఆమె ఆగిపోయింది. మొహం చిన్నబుచ్చుకుంది. చెడ్డమనిషి కాదు, పాపం. అమ్మీకే జాలేసినట్టుంది, "ఇగ నువ్వు తిరుగు, నీది కడతా" అని ఆమెను వెనక్కి తిప్పింది. ఇద్దరూ ఒకరి పట్టీలొకరు కట్టుకున్నారు. తర్వాత మాటలు షుగర్ మాత్రల మీదికి పోయాయి.

రాత్రి భోజనాల దగ్గర ఇంకో పరీక్ష. అది ఏ ఏడాదో గుర్తుచేసుకోండి. 2022 మార్చిలోనే కర్ణాటక హైకోర్టు హిజాబ్ మీద తీర్పిచ్చింది. ఆ వెంటనే అక్కడ హలాల్ మాంసం కొనొద్దని పిలుపులు. అట్లాంటి రోజుల్లో వందమంది నిలబడ్డ వరసలో "ఇది హలాలేనా" అని ఎట్లా అడుగుతాం? అడగలేదు. పప్పూ కూరలూ వడ్డించుకుని కూచున్నాం. పిల్లలు చికెన్ వైపు చూస్తూ తిన్నారు. అమ్మీ మా పళ్లేల్లోకి చూసింది.

"అడిగిండ్రా?"

"ఈ పూటకి ఇది చాలులే అమ్మీ."

"సిగ్గా, భయమా?"

ఎవరం జవాబు చెప్పలేదు. ఆమె పళ్లెం పట్టుకుని లేచింది. వరసలో తన వంతు వచ్చేదాకా నిలబడి, వడ్డించే కుర్రాణ్ణి ఉర్దూలో, వంటింట్లో మమ్మల్ని పిలిచే గొంతుతో అడిగింది. మేం తలలు దించుకున్నాం. ఎవరేమంటారో, ఎవరు ఫోన్ పైకెత్తుతారో అని కాచుక్కూచున్నాం. "జీ, హలాల్ హై" అన్నాడు ఆ కుర్రాడు, గరిటె ఆపకుండానే. వెనకాల బట్టతలాయన, "కాస్త జరగండమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు.

రెండు ముక్కలు తెచ్చి పిల్లల పళ్లేల్లో వేసింది. తను తినలేదు, ఆమెకు రాత్రిపూట మాంసం పడదు.

పెట్టెలు గదికొచ్చాయి. భాభీ చీరల కింద నుంచి జానిమాజ్ తీసి దులిపి, మూలనున్న బల్లమీద పైకి కనపడేట్టు పెట్టింది. ఇషా అయ్యాక అమ్మీ మమ్మల్ని పడుకోనివ్వలేదు. గది నుంచి 'సి' దాకా మళ్లీ ఒకసారి నడవాలంది. లిఫ్టు వద్దు, అది ఆగిపోతే? ఓడ అప్పటికే కదిలింది, నేల కాళ్లకింద మెల్లగా ఊగుతోంది. కటకటాలు పట్టుకుని మెట్లు లెక్కపెడుతూ ఎక్కింది. ఏక్, దో, తీన్. పైన తలుపు దగ్గర కాసేపు నిలబడి పడవలు చూసింది. దిగేటప్పుడు మళ్లీ లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మూడు. కింద ఒక మెట్టు తేడా వచ్చిందని మళ్లీ పైకి ఎక్కించింది.