మూడున్నర రూపాయల వడ్డీ

మా పేటలో వడ్డీని శాతాల్లో చెప్పరు, రూపాయల్లో చెబుతారు. నూటికి నెలకి ఎంత అన్నదే లెక్క. రూపాయి వడ్డీ అంటే ధర్మవడ్డీ. అది చుట్టాల మధ్య, అదీ మాటాపలుకూ బాగున్న చుట్టాల మధ్య. రెండు రూపాయలంటే ఊళ్ళో రైతులు ఒకరికొకరు ఇచ్చుకునేది. అదే డబ్బు మా పేటకొచ్చేసరికి మూడయ్యేది. ఆస్పత్రి అవసరమైతే అయిదు. ఎందుకు మూడు, ఎందుకు అయిదు అని అడిగినోళ్ళని నా చిన్నప్పుడు నేను చూడలేదు. అప్పు అడగటమే తప్పు చేసినట్టు అడిగేవాళ్ళు. ఇంక వడ్డీ సంగతి ఏం అడుగుతారు?

మా నాయన పదకొండో ఏట పాలేరుగా చేరాడు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. చట్టం వచ్చిన చాలా ఏళ్ళకి కూడా ఆయన అదే ఆసామి దగ్గరున్నాడు. పోతానంటే, మీ అయ్య నాటి బాకీ తీర్చి పో అనేవాడు ఆసామి. ఆ బాకీ ఎంతో ఆసామి పుస్తకానికి తెలియాలి. మా నాయనకి చదువు రాదు.

కొత్తగా అప్పు కావాల్సొచ్చినప్పుడు ఆయన నిలబడే తీరు నాకు బాగా గుర్తు. భుజమ్మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవాడు. చెప్పులు దొడ్డిగుమ్మం అవతలే. ఆసామి అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఒక్కపొడి నోట్లో వేసుకుని "ఏందిరా" అనేదాకా నోరెత్తకూడదు. "పిల్లోడి పుస్తకాలకండీ, తమరే చూడాల" అనేవాడు మా నాయన. పైరు మీద వాలిన కొంగల్ని అరిచి లేపే మనిషికి అక్కడ గొంతు ఎక్కడికి పోయేదో నాకు అర్థమయ్యేది కాదు. నోటు ఆసామి గుమస్తా రాసేవాడు. రెవెన్యూ స్టాంపు మీద వేలిముద్ర మాది. 2005లో, నేను ఇంటరు చదివేటప్పుడు, ఒకసారి నోటు చదివి చూస్తానన్నాను. మా నాయన నా రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. "చదివితే ఇయ్యడ్రా" అన్నాడు దారిలో. ఆ తర్వాత ఇంటిదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. 2016లో తెలుగు మాస్టారిగా సర్కారు ఉద్యోగమొచ్చింది. 2017లో, నా జీతం పడే బ్యాంకువాళ్ళే ఫోన్ చేసి క్రెడిట్ కార్డు ఇచ్చారు. లిమిటు 40 వేలు. మా నాయన దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. నోటు లేదు, వేలిముద్ర లేదు, పక్కన హామీ నిలబడేవాడు లేడు. "దీనికి ఎవరి ముందు నిలబడ్డావురా?" అని అడిగాడు. ఎవరి ముందూ నిలబడలేదంటే చాలాసేపు నమ్మలేదు.

2023 ఆగస్టులో మా చెల్లెలికి అపెండిక్సు పగిలింది. నా హెల్త్ కార్డు పెళ్ళయిన చెల్లెలికి పనికిరాదు. ఆరోగ్యశ్రీ ఉన్న ఆస్పత్రి దాకా తీసుకుపోయే టైము లేదు. దగ్గర్లో ఉన్నదాంట్లో చేర్చాం. మొత్తం 95 వేలయింది. కార్డు మీదున్న 40 వేలూ గీకాను. మిగతా 55 వేలు టౌన్లో ఒక ఫైనాన్సు ఆయన దగ్గర అయిదు రూపాయల వడ్డీకి తెచ్చాను, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఆయన చేతిలో పెట్టి. చెల్లెలు బతికింది. అది ముందు. మిగతావన్నీ ఆ తర్వాత.

ఆ తర్వాత వారం, స్టాఫ్‌రూములో, నాతోపాటు ఒకే రోజు ఉద్యోగంలో చేరిన సోషల్ మాస్టారికి సంగతి చెప్పాను. ఆయనది భూమున్న కుటుంబం. మంచివాడే. ఆయన కార్డూ అదే బ్యాంకుది. "నన్నడక్కపోయారా మాస్టారూ, నా లిమిటు మూడు లక్షలు, నేనే గీకేవాణ్ణి గదా" అన్నాడు. మనసులోంచే అన్నాడు. కానీ ఆ మూడు లక్షలన్న మాట నన్ను పట్టుకుంది. ఇద్దరి బేసిక్కూ ఒకటే. ఇద్దరం సీపీయస్సే. ఇద్దరి జీతమూ అదే బ్యాంకులో అదే రోజు పడుతుంది. మరి ఆయనకి మూడు లక్షలేంది, నాకు నలభై వేలేంది?

బ్యాంకులో అడిగితే ఎవరూ కులం మాట ఎత్తరు. ఎత్తే అవసరమూ లేదు. ఆయనకి అదే బ్యాంకులో ఇంటిలోను ఉంది. ఉద్యోగానికి ముందే తీసుకున్న పాత కార్డు ఉంది. వాళ్ళ నాన్నగారి డిపాజిట్లు ఉన్నాయి. డిపాజిట్లు కాదుగానీ, అప్పుల లెక్కలన్నీ కలిసి ఒక నంబరవుతాయి. 300 నుంచి 900 దాకా ఉండే స్కోరు. అప్పు ఎంతకాలంగా తెస్తున్నావు, గడువులో కడుతున్నావా, ఇచ్చిన లిమిటులో ఎంత వాడుతున్నావు, ఇట్లాంటివి చూసి వేస్తారు. ఈ చివరిది చూడండి. నలభై వేలలో నలభై వేలు వాడితే నూటికి నూరు. అదే నలభై వేలు మా సోషల్ మాస్టారు వాడితే నూటికి పదమూడు. ఖర్చు ఒకటే, జీతం ఒకటే. ఒకరు నమ్మదగిన మనిషి, ఇంకొకరు అప్పుల్లో మునిగిన మనిషి. ముందు చిన్న గిన్నె ఇస్తారు, తర్వాత గిన్నె ఊడ్చి తిన్నావేందని అడుగుతారు.

ఫైనాన్సు ఆయన అప్పు ముందు తీర్చాను, ఖాళీ చెక్కు ఆయన దగ్గరుంది గనక. కార్డుకి మాత్రం కట్టగలిగినంత కడుతూ వచ్చాను. స్టేట్‌మెంటులో వడ్డీ నెలకి 3.5 శాతమని ఉంటుంది. శాతమంటే మెత్తగా వినపడుతుంది. మా పేట భాషలో అది మూడున్నర రూపాయల వడ్డీ. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. ఆసామి కంటే ఎక్కువ, ఫైనాన్సు ఆయన కంటే తక్కువ. పైగా పాత బాకీ పూర్తిగా కట్టనంతకాలం, కొత్తగా కొన్న సబ్బుబిళ్ళ మీద కూడా కొన్న రోజునుంచే వడ్డీ పడుతుంది.

2024 నవంబరులో, ఇంకా 26 వేలు బాకీ ఉండగా, మేనేజరు దగ్గరికి పోయాను. ముందు గాజుతలుపు బయటే ఆపారు. మాస్టారినని తెలిశాక లోపలికి పిలిచి కూర్చోమన్నారు. ఆ కుర్చీ ఉద్యోగానిది, నాది కాదు. ఆయన కంప్యూటరు చూసి, "మీకు క్రెడిట్ హిస్టరీ పెద్దగా లేదండీ మాస్టారూ. పైగా లిమిటంతా వాడేశారు. సిస్టమ్ ఒప్పుకోదు" అన్నారు. మర్యాదగానే అన్నారు.

హిస్టరీ లేదన్న మాట ఇంటిదాకా నాతో నడిచొచ్చింది. మా నాయన ముప్ఫయ్యేళ్ళు అప్పు కట్టాడు. ఒక్క ఏడు తప్పలేదు. ఒళ్ళు అరగదీసి కట్టాడు. మా అమ్మ డ్వాక్రా సంఘంలో ఒక్క వాయిదా ఎగ్గొట్టలేదు. కానీ అది సంఘం ఖాతా, ఇది ఆసామి పుస్తకం. ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని చూశాను. ఒకే ఒక్క వరస ఉంది, 2017 నాటి నా కార్డు. అప్పులతో నిండిన ఇంటికి అప్పు చరిత్ర లేదట. అప్పు కట్టినందుకు మంచిపేరు రావాలన్నా అప్పిచ్చినవాడు ఆ రిపోర్టుకి లెక్కలు పంపేవాడయి ఉండాలి.

అయినా ఊరుకోదలచుకోలేదు. మన సభల్లో బాబాసాహెబు పేరు రోజూ చెప్పుకుంటాం. ఆయన 1923లో రూపాయి సమస్య మీద ఒక పుస్తకమే రాశాడన్న సంగతి చెప్పుకోవటం తక్కువ. డబ్బు గురించి మాట్లాడటం మనకేదో నామోషీ అయిపోయింది. ఒక ఉద్యమ మిత్రుడు, "పెట్టుబడిదారీ వల అది, ఇంకొంచెం పెద్ద వల ఇమ్మని అడుగుతున్నావా?" అన్నాడు. వలన్న మాట నిజమే. మా పేటలోనే ఇద్దరు కుర్రాళ్ళు మూడేసి కార్డులు తీసుకుని, ప్రతిదానికీ మినిమం డ్యూ కట్టుకుంటూ, అసలు తరగక తిరుగుతున్నారు. కానీ ఆ మిత్రుడు అర్ధరాత్రి క్యాష్ కౌంటరు ముందు నిలబడి ఉండడు. అక్కడ లిమిటు అంటే, ఖాళీ చెక్కు ఇంకొకడి చేతిలో పెట్టాల్సిన అవసరం ఉందా లేదా అన్నది.

రిజర్వు బ్యాంకు 2022లో కార్డుల మీద ఇచ్చిన ఆదేశాలు తీసి చదివాను. ఇంటరులో చదవనివ్వని నోటుకి బదులుగా చదివాననుకోండి. మన సమ్మతి లేకుండా లిమిటు పెంచకూడదు. కొత్త కార్డు అడిగితే ఇవ్వకపోవటానికి కారణం రాసివ్వాలి. అన్నిటికంటే నన్ను ఆపింది ఇంకోటి. బాకీ తీర్చేసి కార్డు మూసెయ్యమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి. లేకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ 500 రూపాయలు బ్యాంకే మనకి కట్టాలి. అది రెండుసార్లు చదివాను. పోతానంటే పోనివ్వని అప్పు కింద బతికిన ఇల్లు మాది. వెళ్ళిపోయే హక్కు రాసిపెట్టి ఉన్న అప్పు కాగితాన్ని నేను చదవటం అదే మొదలు.

వడ్డీకి మాత్రం అట్లాంటి కట్టడి దొరకలేదు. ఏడాదికి 30 శాతం దాటి గుంజటం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషను తీర్పిచ్చింది. అంటే రెండున్నర రూపాయల వడ్డీ. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కాబట్టి మూడున్నర ఎందుకని అడిగితే కాగితం చూపించి గెలవలేను. అడిగి చూడాలి, అంతే.

2025 జనవరిలో ఉత్తరం రాశాను. తెలుగు మాస్టారిని, పిల్లలకి లేఖారచన నేర్పుతాను. 'దయతో మంజూరు చేయ ప్రార్థన' అని, 'తమ విధేయుడు' అని బోర్డు మీద రాయిస్తాం. ఆ రెండూ లేకుండా రాశాను. ప్రార్థన ఉండాల్సిన చోట 'కోరుతున్నాను' అని రాశాను. ఆ మాట మా నాయన నోట ఆసామి వాకిట్లో ఎన్నడూ రాలేదు. నా లిమిటు 2017 నాటి జీతం మీద వేసింది, 2022లో పీఆర్సీ వచ్చింది, నా జీతం మీ దగ్గరే పడుతుంది గనక ఆ సంగతి మీకు తెలుసు, ఇవిగో పే స్లిప్పులూ ఫారం 16, లిమిటు మళ్ళీ లెక్కగట్టండి అన్నాను. మిగిలిన 26 వేలనీ తక్కువ వడ్డీకి వాయిదాలుగా మార్చమన్నాను. వార్షిక ఫీజు తీసెయ్యమన్నాను. ఇవేవీ కుదరకపోతే కారణాలు రాసిస్తే బాకీ తీర్చి కార్డు మూసుకుంటానన్నాను. బ్రాంచిలో ఇచ్చి, నా కాపీ మీద ముద్ర వెయ్యమంటే కౌంటరులో అమ్మాయి ఇదేం అలవాటన్నట్టు చూసింది. వేసింది.

కార్డుల విభాగం నుంచి నాలుగో రోజున ఫోనొచ్చింది. లిమిటు మాట వాళ్ళెత్తలేదు, జీతం మాట ఎత్తలేదు. "సార్, కార్డు ఎందుకు మూసెయ్యాలనుకుంటున్నారు సార్?" అని మొదలుపెట్టారు. రెండు నిమిషాల్లో మూడుసార్లు సార్ అన్నారు. పోగలిగినవాడితో మాట్లాడే తీరే వేరు. వార్షిక ఫీజు 500 అక్కడికక్కడే తీసేశారు. 26 వేలనీ పన్నెండు వాయిదాలు చేశారు, ఏడాదికి 15 శాతానికి. అంటే రూపాయి పావలా. ప్రాసెసింగు ఫీజు, జీఎస్టీ విడిగా ఉన్నాయి, అయినా మూడున్నరతో చూస్తే ఎక్కడ! అసలు కార్డు వడ్డీ మాత్రం అందరికీ ఒకటే, మా చేతిలో లేదన్నారు. లిమిటు అప్పుడు కాదు, ఆర్నెల్లు వాయిదాలు సరిగా కట్టాక అడగమన్నారు. జులైలో మళ్ళీ ఉత్తరం రాశాను. లక్షన్నర చేశారు. మూడు లక్షలు ఎందుకు కాదో చెప్పలేదు.

మా నాయనకి చెప్పాను. ముందు వడ్డీ ఎంతన్నాడు. "గడువులోపు మొత్తం కడితే వడ్డీ లేదు నాయనా" అన్నాను. "వడ్డీ లేకుండా ఎవడిస్తాడ్రా, వాళ్ళకేం లాభం?" అన్నాడు. అంగడివాడి దగ్గర కొంత కమీషను తీసుకుంటారని, గడువు దాటినవాళ్ళ దగ్గర మూడున్నర లాగుతారని చెప్పాను. "అయితే దాటేది మనోళ్ళే" అన్నాడు. తర్వాత కాసేపాగి, "లక్షన్నర ఇయ్యమని నువ్వు రాసిచ్చావా, వాళ్ళే రాశారా?" అని అడిగాడు. నేనే రాశానన్నాను. కాపీ తెచ్చి చూపించమన్నాడు. చదవలేడు, తెలుసు. కిందున్న బ్యాంకు ముద్ర మీద వేలు పెట్టి చూశాడు.

ఇప్పుడు నెలకో ఆదివారం పేటలో కమ్యూనిటీ హాల్లో కూర్చుంటున్నాం. మావాళ్ళలో కార్డులున్న ఉద్యోగులు వాళ్ళ స్టేట్‌మెంట్లు తెచ్చుకుంటారు. లిమిటు పెంచమని అడగాల్సినవాళ్ళు కొందరే. కొందరికి నేనే వద్దంటున్నాను, ముందు ఉన్నది తీర్చమంటున్నాను. పోయినసారి నలుగురొచ్చారు. అందులో ఒక ఏఎన్ఎం అక్క కార్డు మీద ప్రతి నెలా ఏదో ఇన్సూరెన్సు ప్రీమియం పడుతోంది. ఎవరు వేశారో, ఎందుకు వేశారో ఆమెకి తెలీదు. సంతకం పెట్టినట్టు గుర్తు లేదంది. ఆ సమ్మతి కాగితం చూపించమని కోరుతూ ఉత్తరం ఆమె చేతే రాయించాం. "ఇట్టా అడిగితే ఏమైనా అనుకుంటారేమో మాస్టారూ" అంది. అనుకోనీ అక్కా, కాపీ మీద ముద్ర మాత్రం వేయించుకుని రా అన్నాను.