చెల్లెలి మాట

మీ సంఘములో వినికిడి లేనివారు ఎవరైన నుందురేమో. వారిని తలంచుకొని యీ నాలుగు మాటలు చదువుడి.

నా చెల్లెలికి నాల్గవ యేట జ్వరము తగిలి వినికిడి పోయెను. చెవిటివారి బడిలో ఎనిమిదవ తరగతివరకు చదివి సంజ్ఞాభాష నేర్చెను. మేము నేర్చుకొనలేదు. నీళ్లు, అన్నము, గేదె, పొలము – వీటికి మా యింటి సైగలే చాలుననుకొంటిమి. దుఃఖమునకు మా యింట సైగ లేదు.

అమ్మ పోయిన యేడాది ఆమె తిండి మానెను, రాత్రులు నూతి గట్టున కూర్చుండెడిది. గాలి సోకినదనిరి కొందరు. నేను పట్టణములో మనోవైద్యునియొద్దకు తీసికొనిపోతిని. ‘చావవలెనని తలంపు వచ్చుచున్నదా, అడుగుడి’ అని ఆయన నాతో ననెను. అది అడుగుటకు నాకు సైగ రాదు. రాదనుటకు సిగ్గుపడి, ‘లేదండి, నిబ్బరముగల పిల్ల’ అని నేనే జవాబు చెప్పితిని. ఆయన మాత్రలు వ్రాసెను. అవి మ్రింగి ఆమె పగలెల్ల మత్తుగా పడియుండగా, నెమ్మదించినదని మేము సంతోషించితిమి!

కొన్నాళ్లకు ఆ బడి పంతులమ్మగారు చూడవచ్చి, నన్ను వెలుపలికి వెళ్లుమనిరి. అన్నను, నన్నే పొమ్మందురా అని నాకు కోపము వచ్చెను. వేపచెట్టు క్రింద గంటసేపు కూర్చుంటిని. మార్కు సువార్త 7వ అధ్యాయములోని చెవిటివానిని యేసు గుంపునుండి పక్కకు తీసికొనిపోయిన సంగతి ఎన్నిసార్లో చదివితిని. వానిని తెచ్చినవారు వెనుక నిలిచిపోయిరన్నది నాకు అప్పుడే తట్టెను.

చెల్లెలు చెప్పుమన్నంత మట్టుకే ఆమె నాతో చెప్పిరి. అమ్మ యే జబ్బుతో పోయెనో ఆమెకు ఎవరును చెప్పలేదట. మూడు దినములు ఇంటిల్లిపాది పెదవులు కదలుచుండగా చూచినదట. నన్ను అడిగినప్పుడెల్ల నేను చెయ్యి ఊపి ‘తరువాత’ అంటినట. నూతి సంగతియు నిజమే.

2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము వైకల్యమును బట్టి భేదము చూపక మనోవైద్యము చేయవలెను, రోగి సంగతులు గోప్యముగా నుంచవలెను, రోగికి తెలియు భాషలో చెప్పి సమ్మతి పొందవలెను. దివ్యాంగుల హక్కుల చట్టము (2016) సంజ్ఞాభాషను కూడ సంభాషణగా నెంచినది. ఇవన్నియు పంతులమ్మగారివలన తెలిసికొంటిని. 2022లో ప్రభుత్వము 14416 అను ఫోను నంబరు పెట్టినది, మంచిదే; కాని వినలేనివారికి వట్టి ఫోను పలుకు ఏమి అందును?

మరల వైద్యునియొద్దకు ముగ్గురము పోతిమి. ఆయన అలవాటుగా నావైపే తిరిగి ప్రశ్న వేసెను. నేను లేచి, పంతులమ్మగారికి నా కుర్చీ యిచ్చి, వెలుపలి బల్లమీద కూర్చుంటిని.

ఇప్పుడు ఆదివారము మధ్యాహ్నములు చెల్లెలే నాకు సంజ్ఞలు నేర్పుచున్నది. అమ్మ జబ్బు పేరు వ్రేళ్లతో ఒక్కొక్క అక్షరముగా చెప్పుటకు నాకు చాలసేపు పట్టెను. ఆమె తొందరపెట్టక చూచుచుండెను.