ఓటుకు రాని ఖర్చు

కంప్యూటర్ ఆన్ చేశాక పది నిమిషాలపాటు కదలకపోతే సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, అది పాతబడింది. రెండు, కొత్తది కొనాలి. ఈ రెండింటి నడుమ అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది: ఆ పది నిమిషాలూ యంత్రం ఎవరి పని చేస్తోంది? బడ్జెట్ పత్రాలు చదవడం వృత్తిలో భాగమైనవాడికి ఇది పరిచితమైన ప్రశ్నే. డబ్బు లేదని ప్రభుత్వం చెప్పినప్పుడు మనం మొదట చూసేది ఖజానా వయసును కాదు, ఖర్చుల జాబితాను.

ఆమధ్య అండమాన్ వెళ్లినప్పుడు ఆస్టినాబాద్‌లో బంధువుల ఇంట ఉన్నాను. పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అని పిలుస్తున్న పట్టణానికి, దగ్గరగా ఉన్న ఊరది. 2011 జనగణన ప్రకారం ఆ ద్వీపాల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడెక్కి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు అనేకం. నేను దిగిన ఇల్లూ అలాంటిదే. ఆ ఇంటి అమ్మాయి ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. దరఖాస్తు, హాల్ టికెట్, ఫలితం అన్నీ ఆ కంప్యూటర్ మీదే చూసుకోవాలి. “ఆన్ చేసి వెళ్లి అన్నం తిని వస్తాను బాబాయ్, అప్పటికి లేస్తుంది” అంది. గడియారం పెట్టి చూస్తే మీట నొక్కినప్పటి నుంచి ఒక అక్షరం టైపు చేయగలిగేసరికి 11 నిమిషాలు పట్టింది. బాగుచేసే దుకాణంలో కొత్తది కొనమన్నారట. సరుకంతా సముద్రం దాటి రావలసిన చోట ఆ సలహా చిన్నదేమీ కాదు.

ఇంట్లోవారి అనుమానం ఇంటర్నెట్ మీద. అందుకు చరిత్ర ఉంది. చాలాకాలం ఆ ద్వీపాలు ఉపగ్రహం ద్వారా వచ్చే కొద్దిపాటి సామర్థ్యం మీదే ఆధారపడ్డాయి. చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల మేర వేసిన కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధాని ప్రారంభించాకే పరిస్థితి మారింది. అయినా, ఏది నెమ్మదించినా నెట్‌ను తప్పుపట్టే అలవాటు మిగిలింది. నెట్ తీగను పూర్తిగా తీసేసి రీస్టార్ట్ చేశాం. జాప్యం దాదాపు అంతే. దానితో ఆ అనుమానం తీరింది. ఇక్కడొక చిన్న సంగతి గమనించాలి. విండోస్ 10లో షట్‌డౌన్ చేసినప్పుడు చాలాసార్లు వ్యవస్థ తన స్థితిలో కొంత భాగాన్ని డిస్క్ మీద దాచుకుని, తర్వాత అక్కడి నుంచే లేస్తుంది. నిజంగా మొదటి నుంచి మొదలుకావాలంటే రీస్టార్ట్ చేయాలి. పరీక్షలు దాని మీదే జరగాలి.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాం. ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుంది. డిస్క్ మాత్రం 100 శాతం పనిలో ఉంది. పాత పద్ధతి హార్డ్ డిస్క్ అంటే నిమిషానికి వేల చుట్లు తిరిగే పళ్లెం, దాని మీద అటూ ఇటూ కదిలే ఒక చెయ్యి. ఒకే ఫైలును వరుసగా చదవమంటే బాగానే చదువుతుంది. ఇరవైమంది ఒకేసారి ఇరవై చోట్ల నుంచి తెమ్మంటే, దాని సమయమంతా కదలికలకే పోతుంది. దానికి తోడు మెమరీ 4 జీబీయే. అది నిండగానే వ్యవస్థ కొంత సమాచారాన్ని డిస్క్ మీదకు తోస్తుంది. అంటే ఊపిరాడని డిస్క్ మీద మరింత బరువు.

ఆ ఇరవైమంది ఎవరు? స్టార్టప్ జాబితాలో 19 పేర్లు కనిపించాయి. ఎప్పుడో పాడైపోయిన ప్రింటర్‌కు సహాయకుడు. ఒక్కసారి జరిగిన ఆన్‌లైన్ సమావేశం కోసం దించుకున్న యాప్. తన కొత్త వెర్షన్ వచ్చిందేమోనని ఆరా తీసే పనిలోనే ఉండే ప్రోగ్రాములు నాలుగు. రెండు యాంటీవైరస్‌లు, ఒకటి తెరిచే ప్రతి ఫైలునూ రెండోదీ తనిఖీ చేస్తుంది. వీటిలో దేన్నీ ప్రతి ఉదయం తనకంటే ముందు లేవమని ఆ అమ్మాయి కోరలేదు. అవి ఇన్‌స్టాల్ అయిననాడే ఆ హక్కును రాసేసుకున్నాయి.

మన రాజ్యాంగంలో దీనికి దగ్గరి ఏర్పాటు ఒకటుంది. 112వ అధికరణ కొన్ని ఖర్చులను సంచిత నిధిపై నేరుగా మోపుతుంది. 113వ అధికరణ ప్రకారం వాటిపై చర్చించవచ్చు గాని ఓటింగ్ ఉండదు. అప్పులపై వడ్డీ అందులోదే; ఇటీవలి కేంద్ర బడ్జెట్లలో మొత్తం వ్యయంలో దాదాపు నాలుగో వంతు దానికే పోతోంది. సభ కూర్చోకముందే ఆ వాటా ఖాయమై ఉంటుంది. మిగిలినదాంట్లోనే బడి, ఆసుపత్రి, రోడ్డు సర్దుకోవాలి.

అయితే ఓటుకు రాని ఖర్చంతా వృథా కాదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతాలు, కాగ్ జీతం కూడా అదే పద్దులో ఉన్నాయి. ఏ మెజారిటీ అయినా కోపంతో వాటిని కోసేయకుండా రక్షణగానే అలా పెట్టారు. కంప్యూటర్‌లోనూ అంతే. ఒక యాంటీవైరస్ ఉండాలి. శబ్దం, టచ్‌ప్యాడ్ వంటివాటికి అవసరమైనవి ఉండాలి. కనిపించినదల్లా ఆపేయడం సంస్కరణ అనిపించుకోదు. ఒక్కొక్క పేరూ చదివి, అది ఎవరిదో, ఎందుకో తెలుసుకుని, అనవసరమైనదాన్ని ‘డిసేబుల్’ చేయాలి. అది తొలగింపు కాదు, కావలసినప్పుడు మళ్లీ తెరుచుకుంటుంది. కొన్నింటిని ఆపాక రీస్టార్ట్ చేసి సమయం రాసుకోవాలి. లేకపోతే ఏ చర్య ఫలించిందో తెలియదు.

మేము 13 ఆపి, ఒక యాంటీవైరస్‌ను తీసేశాం. 11 నిమిషాలు 4 నిమిషాలయ్యాయి. హార్డ్ డిస్క్ స్థానంలో తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ పెడితే ఇంకా తగ్గుతుంది. దాని ఖర్చు కొత్త కంప్యూటర్ ధరలో కొద్ది భాగమే. భద్రత వేరే ప్రశ్న. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక దానికి వేరే ఏర్పాటు చేసుకోవలసిందే. కాని నెమ్మదితనానికి జవాబుగా భద్రతను చూపి కొత్త యంత్రాన్ని అమ్మడం రెండు ప్రశ్నలను కలగలపడమే.

ఎవరూ అడగకుండానే ‘అవును’ అని ముందే గుర్తుపెట్టి ఉంచడం సాంకేతిక వివరం మాత్రమే కాదు, అధికార ప్రయోగం కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి అనేది స్వేచ్ఛగా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలంటోంది. ఆ చట్టం వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది. మన సమయానికీ, మన యంత్రపు శక్తికీ అదే సూత్రం ఎందుకు వర్తించకూడదో ఎవరూ చెప్పడం లేదు.

అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. లోక్‌సభలో ఒక్క స్థానం, రాజ్యసభలో అదీ లేదు. ఆ ద్వీపాల పద్దు ఆమోదం పొందేది ఢిల్లీలో. చర్చకు గడువు ముగిసిన రోజున మిగిలిన పద్దులన్నీ గిలటిన్ కింద ఒక్కసారే ఆమోదమైపోతాయి. తమ తరఫున ఎవరో ముందే నిర్ణయించేయడం అక్కడివారికి అలవాటైన విషయం. జాబితా తెరిచినంత మాత్రాన అధికారం చేతికి రాదు. కాని జాబితా తెరవని చోట ‘పాతబడింది’, ‘నిధులు లేవు’ అన్న మాటలే తుది తీర్పులుగా చెలామణి అవుతాయి.