సవరం

మా గురించి రాసేటప్పుడు ఆకలి రాస్తాం, ఏడుపు రాస్తాం. హాస్టల్లో పొట్ట పట్టుకుని నేలమీద దొర్లి నవ్విన రాత్రుల్ని ఎవరూ రాయరు. మేం నవ్వలేదనుకుంటారు కామోసు.

2007లో డిగ్రీ చదివేటప్పుడు సాంఘిక సంక్షేమ హాస్టల్లో తలా పది రూపాయలేసుకుని టీవీ, వీసీడీ ప్లేయరు అద్దెకు తెచ్చాం. చూసింది ‘చిత్రం భళారే విచిత్రం’. 1990ల మొదట్లో పి.ఎన్. రామచంద్రరావు తీసిన సినిమా. బ్రహ్మచారులకు ఇల్లివ్వరు, సంసారులకే ఇస్తారు. అందుకని నరేశ్ చీరకట్టి, సవరం పెట్టి పెళ్ళామైపోతాడు. అంతే కథ. దీనికి ముందే 1988లో మరాఠీలో ‘అశీ హీ బన్వా బన్వీ’, 1966లో హిందీలో ‘బీవీ ఔర్ మకాన్’ ఇదే కథతో వచ్చాయి. సంఘంలో తిరిగే మా సీనియర్ ఒకాయన ‘వెకిలి సినిమా’ అని తిట్టి తలుపు దగ్గరే నిలబడ్డాడు. అరగంటకి ఆయన నవ్వే అందరికంటే గట్టిగా వినపడింది.

2014 డీఎస్సీ రాసి 2016లో టీచరుగా చేరాను. నేనూ, వరసకు బావ అయ్యే మిత్రుడూ, ఇంకొకడూ మండల కేంద్రంలో ఇల్లు వెతికాం.

‘మీరేమిట్లండీ?’

‘టీచర్లమండీ.’

‘అది కాదండీ... మీరేమిట్లు అని.’

మూడిళ్ళ దగ్గర ఇదే. నాలుగో ఇంటి దగ్గర బావ నోటికొచ్చిన కులం పేరు చెప్పేశాడు. తాళం చేతికొచ్చింది. మెట్లెక్కుతూ ‘ఒరే, నరేశ్‌కి చీర, మనకి ఇది’ అన్నాడు. నవ్వలేక చచ్చాం.

ఒక ఆదివారం ఓనరు కిందికి పిలిచాడు. టీవీలో అదే సినిమా! ఓనరు సోఫాలో కూచుని, సినిమాలో మోసపోతున్నవాళ్ళని చూసి ‘ఇంత గుడ్డోళ్ళా!’ అని పగలబడి నవ్వుతున్నాడు. పక్కనే మేం ముగ్గురం. బావ నా చెవిలో ‘మన సవరం సరిగ్గానే ఉందా?’ అన్నాడు. ఆ రోజు నవ్వినంత నవ్వు మళ్ళీ నవ్వలేదు. కళ్ళెంట నీళ్ళు కారాయి. ఓనరమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది, పాపం.

ఎనిమిది నెలలకి అమ్మ వచ్చింది. కూర తేవద్దని ఫోన్లో ముందే చెప్పాను. ఎందుకో అడగలేదు. క్యారేజీ నిండా తునకల కూర తెచ్చింది. మెట్ల దగ్గర ఓనరమ్మ ‘మీరేమిట్లమ్మా?’ అంటే ‘మాదిగోళ్ళమమ్మా’ అని చెప్పి పైకొచ్చి కూచుంది. మూడోరోజు ఓనరు తమ్ముడికి ఇల్లు అవసరమైంది.

ఓనర్ని నేనొక్క మాట అనలేదు. ఆ రాత్రి అమ్మ మీద అరిచాను. ‘చెప్పకపోతే ఏం పోయేదే?’ అన్నాను. అమ్మ క్యారేజీ గిన్నెలు తోముకుంటూ ఉండిపోయింది. ఆ కూర మేం ముగ్గురం తిన్నాం. నేను కూడా తిన్నాను.

మొన్న వేసవిలో మళ్ళీ అందరం మా పల్లెలో కలిశాం. బావ ఆ సినిమానే పెట్టాడు. మాకు డైలాగులన్నీ నోటికొచ్చు, మేమే ముందు చెప్పేసి నవ్వుతున్నాం. అమ్మ మంచమ్మీద కూచుని చుట్ట ఆర్పి చాలాసేపు తెరవైపే చూసింది.

‘ఆ పిలగాడికి కుచ్చిళ్ళు పెట్టటం కూడా రాలేదు. ఎట్టా నమ్మార్రా వీళ్ళు?’ అంది.